ఒకే స్టేడియం, రెండు యూ-టర్న్‌లు: హల్క్ హోగన్ వర్సెస్ జాన్ సీనా

[స్క్రీన్ మీద: టొరంటో స్టేడియం, పైనుంచి]

కెనడాలోని టొరంటోలో పైకప్పు తెరుచుకునే బేస్‌బాల్ స్టేడియం ఒకటుంది. 2002లో దాని పేరు స్కైడోమ్, ఇప్పుడు రోజర్స్ సెంటర్. 2002 మార్చి 17న, రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా పెట్టే అతిపెద్ద షో రెజిల్‌మేనియా రోజు, రెజ్లర్ హల్క్ హోగన్ అందులోకి విలన్‌గా వచ్చి హీరోగా వెళ్ళాడు. 2025 మార్చి 1న ఇంకో రెజ్లర్ జాన్ సీనా అదే స్టేడియంలోకి హీరోగా వచ్చి విలన్‌గా వెళ్ళాడు. రెండుసార్లూ పక్కనే ఉన్న మనిషి ఇంకో స్టార్ రెజ్లర్, ది రాక్.

ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే చాలామంది వెంటనే బెల్టులు లెక్కపెడతారు. ప్రపంచ టైటిల్స్ సీనాకి 17, హోగన్‌కి 12. అయిపోయిందా? అవ్వదండీ. ఈ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసిపెడతారు. బెల్టులు లెక్కపెట్టడమంటే సినిమాలో హీరో ఎంతమంది రౌడీల్ని కొట్టాడో లెక్కపెట్టడమే. చిన్నప్పుడు ట్రంప్ కార్డ్స్‌లో ర్యాంకు, బైసెప్స్ చూసి గెలిచాం కదా, ఆ అలవాటు ఇంకా పోలేదు. ముందే రాయలేనిది ఒక్కటే ఉంది: జనం గోల. కాబట్టి దాంతోనే కొలుద్దాం.

[స్క్రీన్ మీద: ఎరుపు, పసుపు రంగుల్లో హోగన్]

హోగన్ అసలు పేరు టెర్రీ బొలియా. 1984 జనవరి 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఐరన్ షేక్‌ని ఓడించి బెల్టు పట్టాడు. దాన్ని 1,474 రోజులు వదల్లేదు. ఆ మధ్యలోనే వచ్చింది 1987 మార్చి 29, మూడో రెజిల్‌మేనియా. ఎదురుగా ఆండ్రే ద జెయింట్, ప్రకటించిన బరువు 520 పౌండ్లు. మ్యాచ్ మొదలవగానే హోగన్ ఆండ్రేని ఎత్తబోయాడు, నడుం పట్టేసి వెనక్కి పడిపోయాడు, పైన ఆండ్రే. అంత బరువుని ఎత్తడం అయ్యే పని కాదని జనానికి ముందే చూపించేశారన్నమాట. అందుకే చివర్లో నిజంగా ఎత్తి పడేసినప్పుడు స్టేడియం ఊగిపోయింది. వచ్చినవాళ్ళు 93,173 మంది అని కంపెనీ చెప్పింది. అంతమంది లేరని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఉండనీండి.

1994లో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్ళాక అదే హోగన్, అదే పసుపు, అవే డైలాగులు. జనానికి విసుగొచ్చింది, కొన్నిచోట్ల బూ అన్నారు. అప్పుడు అతను చేసిన పనే నా దృష్టిలో అతని కెరీర్‌లో అన్నిటికన్నా పెద్దది. 1996 జులై 7, ఫ్లోరిడాలో బ్యాష్ ఎట్ ద బీచ్ అనే షో. విలన్లు స్కాట్ హాల్, కెవిన్ నాష్ అందర్నీ చితకబాదుతున్నారు, వాళ్ళతో కలిసిన మూడోవాడు ఎవరో ఎవరికీ తెలీదు. హోగన్ పరిగెత్తుకొచ్చాడు. కాపాడతాడనుకున్నారు. కింద పడి ఉన్న ర్యాండీ శావేజ్ మెడ మీద లెగ్ డ్రాప్ వేశాడు, అంటే ఎగిరి కాలితో పడ్డాడు. కప్పులు, కూల్‌డ్రింకులు, చేతికి దొరికిందల్లా రింగ్‌లోకి విసిరారు. ఆ చెత్త మధ్యలో నిలబడే అతను మైకు పట్టుకున్నాడు. ఆ ఏడాది జూన్ నుంచి డబ్ల్యూసీడబ్ల్యూ సోమవారం షో 83 వారాలు వరసగా ఎదుటివాళ్ళ సోమవారం షో 'రా'ని రేటింగుల్లో ఓడించింది.

[స్క్రీన్ మీద: 2006, హామర్‌స్టీన్ బాల్‌రూమ్]

ఇక సీనా. 2002లో కర్ట్ యాంగిల్ మీద మొదటి మ్యాచ్, 2005 రెజిల్‌మేనియాలో మొదటి డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్. మనలో చాలామందికి టెన్ స్పోర్ట్స్‌లో పరిచయమైంది ఈ సీనానే. ఏడాది తిరక్కుండానే హాలు రెండుగా చీలింది: పిల్లలు 'లెట్స్ గో సీనా', పెద్దవాళ్ళు 'సీనా సక్స్'. 2006 జూన్ 11న న్యూయార్క్‌లో మరీ ఘోరం. అలవాటుగా టీషర్టు విప్పి జనంలోకి విసిరాడు. అది తిరిగి రింగ్‌లోకొచ్చిపడింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ వచ్చింది. 'సీనా గెలిస్తే అల్లర్లే' అని అట్ట పట్టుకుని నిలబడ్డారు.

హోగన్ అయితే అక్కడే జెండా తిప్పేసేవాడు. సీనా తిప్పలేదు. టీషర్టులు పిల్లలే కొంటారన్న వ్యాపారం ఒక కారణం, కాదనను. కానీ జబ్బుపడిన పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ ద్వారా 650 మందికి పైగా పిల్లల్ని కలిసినవాడు అతను. ఆ పిల్లల ముందుకి విలన్‌గా ఎలా వెళ్తాడు? బదులుగా ఆట మెరుగుపరుచుకున్నాడు. 2011లో చికాగోలో సీఎం పంక్‌తో మ్యాచ్, 2015లో యూఎస్ టైటిల్ కోసం ఎవరైనా రావచ్చంటూ పెట్టిన ఓపెన్ ఛాలెంజ్ చూడండి. రింగ్ లోపలి పనిలో హోగన్ అతని దరిదాపుల్లోకి రాడు. మన హైదరాబాద్‌కీ వచ్చాడు: 2023 సెప్టెంబర్ 8, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం, ఇండియాలో అతని మొదటి మ్యాచ్.

అందుకే 2025లో ఆ టొరంటో స్టేడియంలో అప్పటి ఛాంపియన్ కోడీ రోడ్స్‌ని కౌగిలించుకుని అక్కడే దెబ్బకొట్టినప్పుడు నోళ్ళు తెరుచుకుని చూశాం. కానీ ఆ తర్వాత? రాక్ కనపడకుండా పోయాడు, కథ నడవలేదు, 17వ టైటిలైతే వచ్చింది గానీ అయిదు నెలలకే మళ్ళీ మంచివాడైపోయాడు. విలన్‌గా హోగన్‌కే నా ఓటు, అనుమానమే లేదు.

[స్క్రీన్ మీద: 2025 జనవరి 6, లాస్ ఏంజెలెస్]

అయితే హోగన్ కథ వేషంతో ఆగలేదు. నల్లజాతివాళ్ళ గురించి అతను నీచంగా మాట్లాడిన టేపు 2015లో బయటపడింది. కంపెనీ పంపించేసి, మూడేళ్ళకి మళ్ళీ పిలిచింది. 'రా' నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన రాత్రి లాస్ ఏంజెలెస్‌లో అతను రింగ్‌లో నిలబడితే హాలంతా బూ అంది. అది విలన్‌కి పడే బూ కాదు, మనిషికి పడింది. ఆ జులై 24న చనిపోయాడు.

సీనా చివరి మ్యాచ్ 2025 డిసెంబర్ 13న, వాషింగ్టన్‌లో. ఏళ్ళ తరబడి 'నెవర్ గివ్ అప్' అని తువ్వాలు మీద రాసుకుని తిరిగినవాణ్ణి గుంథర్ స్లీపర్ అనే మెడ పట్టులో బిగించాడు. సీనా చిన్నగా నవ్వి, చేత్తో తట్టేశాడు, ఓడిపోయానని. కంపెనీలో కథలు నడిపించే ట్రిపుల్ ఎచ్ కనపడగానే హాలు హాలంతా బూ అని మొదలెట్టింది. అందులో ఒకప్పుడు 'సీనా సక్స్' అన్న గొంతులు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి.