ఇద్దరూ కలిసి ఒక్క డాక్టరు కాలేరు: ఇంగ్లీషు వాక్యంలో నామవాచకాల లెక్క

అందరికీ నమస్కారం.

ఒక వాక్యంతో మొదలుపెడతాను. "బోత్ మై ఫ్రెండ్స్ వాంట్ టు బికమ్ ఎ డాక్టర్." ఇందులో తప్పేమిటో చూడండి. ఫ్రెండ్స్ బహువచనం. దానికి తగ్గట్టే వాంట్ అన్నాం, వాంట్స్ అనలేదు. డాక్టర్ ముందు ఆర్టికల్ కూడా పెట్టాం. స్కూల్లో నేర్చుకున్న రూల్స్ అన్నీ పాటించినట్టే ఉంది. అయినా ఇంగ్లీషు బాగా అలవాటైన చెవికి ఈ వాక్యం తేడా కొడుతుంది. ఇద్దరు మనుషులు కలిసి ఒక్క డాక్టరు ఎలా అవుతారు? "వాంట్ టు బికమ్ డాక్టర్స్" అనాలి.

వచనం కుదరడం అనగానే మనకు కర్తా క్రియా గుర్తొస్తాయి. ఈజ్ ఎక్కడ, ఆర్ ఎక్కడ, హ్యాజ్ ఎప్పుడు, హ్యావ్ ఎప్పుడు అని ఏళ్ళ తరబడి బట్టీ పట్టిస్తారు. కానీ వాక్యంలో ఒక నామవాచకానికీ ఇంకో నామవాచకానికీ మధ్య కూడా లెక్క కుదరాలన్న సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. అమెరికాలో కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే శాట్ పరీక్షలో దీన్ని నౌన్ అగ్రిమెంట్ అనే పేరుతో విడిగా అడిగారు. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు మనవాళ్ళు ఇక్కడే ఎందుకు జారతారో చూద్దాం. ఇది తెలివితక్కువతనం కాదు. తెలుగులో ఆలోచించినప్పుడు ఆ వాక్యం తప్పుగా అనిపించదు, అంతే. "ఇద్దరికీ డాక్టర్ అవ్వాలని ఉంది" అంటాం. "పిల్లలందరూ తల ఊపారు" అంటాం. "అందరూ చెయ్యెత్తండి" అంటే ఎవరూ పక్కవాడి చెయ్యి కోసం వెతకరు. మనిషికొక తల ఉంటుందని తెలుగుకు తెలుసు, దాన్ని మళ్ళీ లెక్కపెట్టి చూపించాల్సిన పని లేదు. చూపించాలనుకుంటే అందుకు వేరే ఏర్పాట్లున్నాయి. "తలా ఒక పుస్తకం ఇచ్చారు" అంటాం. "ఎవరి గొడుగు వాళ్ళు తెచ్చుకోండి" అంటాం. "ఒక్కొక్కరికి రెండేసి" అంటాం. ఈ తలా, ఈ ఏసి, ఈ "ఎవరిది వాళ్ళు" అనే పద్ధతి ఎంత చక్కగా పని చేస్తాయో గమనించండి. పంపకం మొత్తం ఒక్క మాటలో తేలిపోతుంది.

ఇంగ్లీషుకు ఈచ్ అనే మాట ఉంది గానీ అది ప్రతిచోటా దాన్ని వాడదు. మామూలు వాక్యంలో ఆ బరువంతా నామవాచకం చివరి ఎస్ మీదే పడుతుంది. "ది చిల్డ్రన్ నాడెడ్ దెయిర్ హెడ్స్" అంటుంది. పదిమంది పిల్లలుంటే బొమ్మలో పది తలలు కనిపిస్తాయి, కాబట్టి హెడ్స్. ఒక్కొక్కరికి ఎన్ని అని కాదు, అందరికీ కలిపి ఎన్ని అని చూస్తుంది. ఈ చూపు తేడా పట్టుకుంటే సగం చిక్కు విడిపోయినట్టే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ పాండవులు. "ది పాండవాస్ వెంట్ టు ది ఫారెస్ట్ విత్ దెయిర్ వైఫ్." కర్తలు అయిదుగురు, వైఫ్ ఏకవచనం. తప్పా? కాదు, నూటికి నూరుపాళ్ళు ఒప్పు. (అర్జునుడికి సుభద్ర లేదా, భీముడికి హిడింబ లేదా అని నన్ను పట్టుకోకండి. వాళ్ళతో వనవాసానికి వెళ్ళింది ద్రౌపది.) అయిదుగురికీ కలిపి లెక్కపెడితే ఒక్కరే, అందుకని వైఫ్. అదే అయిదుగురు కురుక్షేత్రంలో శంఖాలు పూరించారు. ధర్మరాజుది అనంతవిజయం, భీముడిది పౌండ్రం, అర్జునుడిది దేవదత్తం, నకులుడిది సుఘోషం, సహదేవుడిది మణిపుష్పకం. మనిషికొకటే అయినా మొత్తం అయిదు. కాబట్టి "ది పాండవాస్ బ్లూ దెయిర్ కాంచెస్". ఇప్పుడు మిథిలలో పెళ్ళిళ్ళయ్యాక రాముడూ ముగ్గురు తమ్ముళ్ళూ అయోధ్యకు వస్తున్నారనుకోండి. "ది ఫోర్ బ్రదర్స్ కేమ్ హోమ్ విత్ దెయిర్ వైఫ్" అని రాశారంటే ఒక్క ఎస్ వదిలేసినందుకు రామాయణం కాస్తా భారతం అయిపోతుంది. వైవ్స్ అనాల్సిందే.

పరీక్షలో ఈ తప్పును పట్టుకోవడం కష్టం ఎందుకంటే, తప్పు ఉన్న మాట దాని చుట్టుపక్కల మాటలతో బాగానే కలిసిపోతుంది. దాని జోడీ మాట ఎక్కడో వాక్యం మొదట్లో ఉంటుంది. "ఆఫ్టర్ ఇయర్స్ ఆఫ్ ట్రెయినింగ్, ది టూ సిస్టర్స్, హూ హ్యాడ్ నెవర్ లెఫ్ట్ హోమ్ బిఫోర్, బికేమ్ ఎ పైలట్." పైలట్ దగ్గరికి వచ్చేసరికి సిస్టర్స్ సంగతి మర్చిపోతాం. అందుకని వాక్యం చివర ఏకవచన నామవాచకం కనిపిస్తే, ఇది ఎవరి గురించి చెబుతోంది అని ఒకసారి వెనక్కి వెళ్ళి చూడడం మంచిది.

అన్ని చోట్లా పట్టు ఒకేలా ఉండదు. ఈజ్, ఆర్, బికమ్ లాంటి క్రియల తర్వాత వచ్చి, కర్త ఎవరో చెప్పే నామవాచకం దగ్గర ఇంగ్లీషు చాలా గట్టిగా ఉంటుంది. "దే ఆర్ ఎ టీచర్" అని ఇద్దరిని ఉద్దేశించి అనడానికి వీల్లేదు. అయితే ఇక్కడా ఒక తిరకాసుంది. "చిల్డ్రన్ ఆర్ ఎ బ్లెస్సింగ్" అంటే ఒప్పే. "దే ఆర్ ఎ గుడ్ టీమ్" అన్నా ఒప్పే. పిల్లలంతా కలిసి ఒక వరం, వాళ్ళంతా కలిసి ఒక టీమ్. విడివిడిగా ఎవరికి వాళ్ళు అయ్యేది డాక్టర్, టీచర్, పైలట్. కలిసి అయ్యేది టీమ్. తేడా అదీ.

వాళ్ళ దగ్గర ఉన్న వస్తువుల విషయానికొస్తే కొంచెం సడలింపు ఉంటుంది. "ఆల్ సైక్లిస్ట్స్ మస్ట్ వేర్ ఎ హెల్మెట్" అనే వాక్యాన్ని ఇంగ్లీషువాళ్ళు నిక్షేపంగా రాస్తారు. హెల్మెట్స్ అన్నా తప్పు లేదు. 1985లో రాండాల్ఫ్ క్విర్క్, సిడ్నీ గ్రీన్‌బామ్, జెఫ్రీ లీచ్, యాన్ స్వార్ట్‌విక్ కలిసి తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో ఈ విషయం మీద చర్చ ఉంది. ఇలాంటి చోట మామూలుగా వచ్చేది బహువచనమే, ఒక్కొక్కరి మీద దృష్టి పెట్టాలనుకుంటే ఏకవచనమూ వాడొచ్చు అన్నది అందులోని సారాంశం. పరీక్ష రాసేవాళ్ళకు నా సలహా: మొదటిదే పట్టుకోండి. సొంతంగా రాసుకునేటప్పుడు రెండోది కూడా చేతిలో ఉంచుకోండి. దాని అవసరం ఎక్కడో తర్వాత చెబుతాను.

ఈలోగా నుడికారాల సంగతి. ఇక్కడ లెక్క పని చేయదు. పదిమంది నడిచి వచ్చినా "దే కేమ్ ఆన్ ఫుట్" అనే అంటారు, ఇరవై పాదాలున్నాయి కదా అని ఫీట్ అనరు. ఊరంతా ఊపిరి బిగబట్టినా "హెల్డ్ దెయిర్ బ్రెత్" అనే అంటారు. "కీప్ ఎన్ ఓపెన్ మైండ్" అని సభకంతటికీ చెప్పొచ్చు. కానీ అదే మైండ్, మనసు మార్చుకున్నారు అనేటప్పుడు "చేంజ్‌డ్ దెయిర్ మైండ్స్" అయిపోతుంది. ఎందుకు అంటే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు, వాడుకలో అలా గట్టిపడింది. ప్రాణాలు పోగొట్టుకున్నారు అన్నప్పుడు మాత్రం "లాస్ట్ దెయిర్ లైవ్స్" తప్పనిసరి. ఇక్కడ మన తెలుగు కూడా బహువచనమే వాడుతుంది, పైగా ఒక్కడి విషయంలోనూ ప్రాణాలు అనే అంటుంది.

దీనికి తలకిందులైన సరదా గుంపు ఒకటుంది. నేను ఒక్కడినే ఒక్కరితో చెయ్యి కలిపితే "ఐ షుక్ హ్యాండ్స్ విత్ హిమ్". ఒక్కరితో స్నేహం చేస్తే "ఐ మేడ్ ఫ్రెండ్స్ విత్ హర్". ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కితే "ఐ చేంజ్‌డ్ ట్రెయిన్స్". కర్త ఏకవచనం, నామవాచకం బహువచనం. కారణం కూడా స్పష్టం. చెయ్యి కలపాలంటే రెండు చేతులు కావాలి, స్నేహానికి ఇద్దరు కావాలి, మారడానికి రెండు రైళ్ళు కావాలి. మొత్తం లెక్కే చూస్తుందని ముందు చెప్పాను కదా, ఇక్కడా అదే బుద్ధి.

"వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అనేది మనవాళ్ళ నోట తరచూ వినపడుతుంది. "మా ఫ్రెండ్ ఒకడు" అని మనసులో ఉంటుంది, అక్కడ ఫ్రెండ్ ఏకవచనమే, అది యథాతథంగా బయటికొస్తుంది. ఇంగ్లీషు మాత్రం ముందు గుంపును చూపించి, అందులోంచి ఒకరిని తీస్తుంది. గుంపు బహువచనం, క్రియ ఆ ఒక్కరిని బట్టి: "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ హియర్". "దిస్ కైండ్", "దీజ్ కైండ్స్" కూడా ఇలా చూసుకోవాల్సినవే. "దీజ్ కైండ్" అంటే సగం అటూ సగం ఇటూ. పందొమ్మిది, ఇరవై శతాబ్దాలు అనేటప్పుడు "ది నైన్‌టీన్త్ అండ్ ట్వంటియెత్ సెంచరీస్" అనాలి, చాలామంది సెంచరీ దగ్గర ఆగిపోతారు.

ఇంతవరకూ ఎస్ వదిలేయడం గురించి. ఎక్కువ పెట్టేయడం కూడా ఉంది, దానికీ తెలుగే కారణం. "మూడేళ్ళ పిల్లవాడు" అంటాం. ఏళ్ళ అన్నది బహువచనం. అందుకని "ఎ త్రీ ఇయర్స్ ఓల్డ్ బాయ్" వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఒక నామవాచకం ఇంకో నామవాచకం ముందు నిలబడి విశేషణం పని చేస్తే మామూలుగా ఎస్ వదిలేస్తుంది. కాబట్టి "త్రీ ఇయర్ ఓల్డ్ బాయ్", "టెన్ మైల్ వాక్". బాయ్ లేకుండా "ది బాయ్ ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డ్" అన్నప్పుడు ఎస్ తిరిగొస్తుంది. "అయిదు వందల మంది" కూడా ఇంతే. మనకు వందలు బహువచనం, వాళ్ళకు "ఫైవ్ హండ్రెడ్ పీపుల్". అంకె చెప్పకుండా వందలాది అన్నప్పుడే "హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్".

లెక్కకు లొంగని మాటల దగ్గర ఈ గొడవే ఉండదు. పదిమంది పది రకాలుగా సలహాలిచ్చినా అడ్వైస్ అడ్వైస్‌గానే ఉంటుంది. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్ అన్నీ అంతే. మనకు నీళ్ళు, పాలు బహువచనం, వాళ్ళకు వాటర్, మిల్క్ ఏకవచనం. మనకు కత్తెర ఒక్కటే, వాళ్ళకు సిజర్స్. ప్రపంచాన్ని ముక్కలు చేసుకోవడంలో ఒక్కో భాషది ఒక్కో ఇష్టం, దీనికి తర్కం వెతికితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నేర్చుకోవడమే.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన విషయం. "అప్లికెంట్స్ మస్ట్ సబ్‌మిట్ దెయిర్ సర్టిఫికెట్స్" అని ఒక నోటీసు ఉందనుకోండి. వ్యాకరణం శుభ్రంగా ఉంది. కానీ ఒక్కొక్కరు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలా, ఉన్నవన్నీ ఇవ్వాలా? మొత్తం లెక్క చూసే పద్ధతిలో ఉన్న బలహీనత ఇదే. మనిషికొకటి అయినా బహువచనమే, మనిషికి పది అయినా బహువచనమే. తెలుగులో "తలా ఒక సర్టిఫికెట్" అంటే అనుమానానికి తావుండదు. ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఇక్కడ ఊరికే ఎస్ మీద ఆధారపడితే ఆఫీసు ముందు క్యూలో సగం మంది ఒక కాగితంతోనూ సగం మంది ఫైలుతోనూ నిలబడతారు.

దారి ఏమిటంటే వాక్యాన్నే ఏకవచనంలోకి దించడం. "ఈచ్ అప్లికెంట్ మస్ట్ సబ్‌మిట్ వన్ సర్టిఫికెట్." ఈచ్ ముందు వస్తే నామవాచకమూ క్రియా రెండూ ఏకవచనమే. వెనక వస్తే కాదు: "ది అప్లికెంట్స్ ఈచ్ హ్యావ్ ఎ నంబర్" అనాలి, హ్యాజ్ అనకూడదు. ఇక్కడ కర్త అప్లికెంట్స్, ఈచ్ పక్కన కూర్చుందంతే. కానీ తర్వాత వచ్చే నామవాచకాన్ని మాత్రం ఏకవచనంలోకి లాగేస్తుంది, ఎ నంబర్ అని. ఇంగ్లీషులో మన తలాకు దగ్గరగా వచ్చేది ఇదే.

ఈచ్ వాడగానే హిజ్ అనాలా, హర్ అనాలా అనే ప్రశ్న వస్తుంది. "హిజ్ ఆర్ హర్" అని ప్రతిసారీ రాస్తే వాక్యం నడవదు. "ఈచ్ స్టూడెంట్ రెయిజ్‌డ్ దెయిర్ హ్యాండ్" అని ఇప్పుడు హాయిగా రాయొచ్చు. ఏకవచనానికి దే వాడడం 14వ శతాబ్దం నుంచే ఇంగ్లీషులో ఉంది, పరిశోధన వ్యాసాలు రాసేవాళ్ళ కోసం అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) తెచ్చే స్టైల్ మాన్యువల్ కూడా, 2019లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో దాన్ని అధికారికంగా ఆమోదించింది. అలా రాసినప్పుడు హ్యాండ్ ఏకవచనంగానే ఉండాలి. దెయిర్ చూసి హ్యాండ్స్ అనేయకండి, ఆ దెయిర్ వెనక ఉన్నది ఒక్క మనిషే.

నా సమయం అయిపోయింది. మీ దగ్గర వాక్యాలుంటే చదవండి, వాటి మీదే మాట్లాడుకుందాం.