ఈ ఫోన్ లేకపోతే?

శ్రోతలందరికీ నమస్కారం.

2014 అక్టోబరు 12 సంగతి విశాఖపట్నం వాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. హుద్‌హుద్ తుపాను రోజు. మహారాణిపేటలో మా పిన్ని వాళ్ల కిటికీ అద్దాలు పగిలి, బీరువా మీదున్న పెళ్లి ఆల్బమ్ నానిపోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో పిన్ని కొవ్వొత్తి వెలుగులో ఒక్కో పేజీ విడదీస్తుంటే ఫొటోల్లోని రంగు వేళ్లకు అంటుకునేది. బాబాయి మొహం సగమే మిగిలిన ఫొటో ఒకటి ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

మిగిలినవాటిని తర్వాత ఫోన్‌తో ఫొటోలు తీసి దాచుకుంది. పోయినేడాది ఆర్‌కే బీచ్‌లో పెద్ద అల వచ్చి ఆ ఫోన్ కాస్తా చేయి జారి నీళ్లలో పడిపోయింది. "క్లౌడ్‌లో ఉంటాయన్నావు కదరా?" అంది నాతో. ఉన్నాయి, ఇంటర్నెట్‌లో గూగుల్ వాళ్ల కంప్యూటర్లలో. కానీ తెరిచేదెలా? ఫోన్ కొన్న రోజున జీమెయిల్ ఖాతా షాపు కుర్రాడే తెరిచిచ్చాడు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. ఓటీపీ వచ్చేదేమో నీళ్లపాలైన సిమ్‌కి! డూప్లికేట్ సిమ్ తెచ్చి లోపలికి వెళ్లేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పిన్ని టెన్షన్ చూడలేకపోయాను.

పెళ్లి ఫొటోలు దొరికాయి. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు మాత్రం లేవు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ అప్పటికే నిండిపోయి బ్యాకప్ ఆగిపోయింది. మెయిళ్లూ ఫొటోలూ డ్రైవ్ ఫైళ్లూ, అన్నిటికీ కలిపి ఉన్న చోటు అదే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి అందులోకే చేరింది. రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు పసిపిల్ల ఫొటోలకు చోటు లేకుండా చేశాయి.

ఫొటోలు దాచుకోవడానికి ఏ క్లౌడ్ సర్వీసు తీసుకోమంటారని చాలామంది అడుగుతుంటారు. ఉచితంగా ఐక్లౌడ్, వన్‌డ్రైవ్ 5 జీబీ చొప్పున ఇస్తాయి, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. ఇంట్లో అన్నీ ఆపిల్‌వే అయితే ఐక్లౌడ్ హాయి. ఆండ్రాయిడ్ ఫోనూ విండోస్ ల్యాప్‌టాపూ ఉంటే గూగుల్ గానీ వన్‌డ్రైవ్ గానీ. నా మటుకు నాకు జీబీల కన్నా ఒక్క ప్రశ్న ముఖ్యం. ఈ ఫోన్ లేకపోతే నా ఫొటోలు తెరవగలనా? ఈ ఫోన్ లేకపోతే?

అందుకే ఎక్కువ చోటు కోసం డబ్బు కట్టే ముందు మీ ఫోన్ స్విచాఫ్ చేసి, ఇంట్లో ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయి, నిన్న తీసిన ఫొటో తెరిచి చూడండి. ఓటీపీ దగ్గర ఆగిపోయారా? రికవరీ నంబరుగా ఇంట్లో మరొకరిది ఇవ్వండి. గూగుల్‌లో రెండంచెల భద్రత (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడగడం) పెట్టుకున్నవాళ్లు, ఫోన్ లేనప్పుడు ఓటీపీ బదులు వాడుకునే బ్యాకప్ కోడ్‌లు కూడా తీసుకోవచ్చు. వాటిని కాగితం మీద రాసుకోండి.

పిన్ని ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఈసారి బీరువా లోపల దాచింది. అన్నప్రాశనకు వచ్చిన చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "ఫొటోలుంటే పంపించండి" అని అడుగుతోంది. ఇప్పటికి పదకొండు వచ్చాయి.