జూనియర్ లాయర్‌కు బస్సు ఛార్జీలైనా ఇవ్వండి

పెద్దలకు, తోటి న్యాయవాదులకు నమస్కారం. పీవీ గారి జయంతి కాబట్టి ఆయన గురించి మాట్లాడమన్నారు, మాట్లాడతా. లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన మనిషి, నాగపూర్‌లో లా చదివి బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్‌గా చేరారు. 1952లో కరీంనగర్ నుంచి పార్లమెంటుకు నిలబడి బద్దం ఎల్లారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. 1957లో మంథని ఎమ్మెల్యే అయ్యారు. ఢిల్లీకి ఎంపీగా పోయింది మాత్రం 1977లో, మన హనుమకొండ నుంచే. అంటే మొదటి పోటీకీ ఆ గెలుపుకీ మధ్య పాతికేళ్లు!

ఇన్నేళ్లు ఒకడు నిలబడాలంటే ముందు కడుపు నిండాలి కదా. నేను చెప్పాలనుకున్నది ఇదే.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక్కటే నల్లకోటు, శనివారం సాయంత్రం ఉతికితే వానాకాలం సోమవారానికి కూడా కాలర్ దగ్గర తడి ఆరేది కాదు, అదే వేసుకుని నర్సంపేట బస్సులో నిలబడి వచ్చేవాణ్ణి. ఆరు నెలల్లో మా సీనియర్ నా చేతికిచ్చింది వంద రూపాయలు, అదీ జిరాక్సులకు. నాతోపాటే ఇంకో అబ్బాయి ఉండేవాడు. ఊరి రైతులు పాసుపుస్తకాలు సంచిలో పెట్టుకుని కోర్టు క్యాంటీన్ దగ్గర అతని కోసమే వెతుక్కునేవాళ్లు, పట్టా ఎవరిది, కౌలు ఎవరిది అని ఓపిగ్గా చెప్పేవాడు. వాడు నిలబడితే ఆ ఊళ్లన్నీ ఓటేసేవి, నాకు నమ్మకం. ఇంటి అద్దె కట్టలేక రెండేళ్లకు కోటు వదిలేసి హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోయాడు.

పార్లమెంటుకు పోటీ చేయడానికి పాతికేళ్లు నిండితే చాలు. జనరల్ అభ్యర్థి డిపాజిట్ పాతిక వేలు, ఖర్చు పరిమితి మన దగ్గర 95 లక్షలు. ఆ పాతిక వేలే మన జూనియర్ దగ్గర లేనప్పుడు 95 లక్షల మాట ఎందుకు? ఇక ఎవరు నిలబడతారు, చెప్పండి! నాన్నకు క్రషర్ ఉన్నవాడు, మామకు కాంట్రాక్టులు ఉన్నవాడు. భూమి తగాదా ఫైలు చేత్తో పట్టుకున్నవాడు మాత్రం కాదు.

జూనియర్లకు నెలకు పట్టణాల్లో ఇరవై వేలు, గ్రామాల్లో పదిహేను వేలు ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచనే, కట్టుబాటు కాదు. అందుకే అడుగుతున్నా. ముందు వరుసలో కూర్చున్న సీనియర్లూ, అన్నా, నిన్నే, మూడు రోజుల్లో ఒకటో తారీఖు. మీ జూనియర్‌ను మీరే పిలిచి చేతిలో పెట్టండి, వాళ్లు నోరు తెరిచి అడగరు.