నొప్పి చెప్పుకోగలిగే నాట్య తరగతి

నాట్యాచార్యులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టును. కాలు నొప్పితో వచ్చిన కూచిపూడి విద్యార్థినులను నేను ముందుగా అడిగేది ఒకటే: “ఈ సంగతి మీ గురువుగారికి చెప్పావా అమ్మా?” చాలామంది తల దించుకుంటారు. చెబితే ప్రదర్శనలో చోటు పోతుందని భయం. అలా దాచుకున్న నొప్పే ముదిరి మా దగ్గరికి వస్తోంది. అడగకపోతే పిల్లలు చెప్పరు. తరగతి మొదట్లో మీరే అడగండి.

అడిగాక, ఎక్కడో చూపించమనండి. మోకాలి కింద ముందెముక పొడవునా అరచేత్తో నిమిరి చూపిస్తే చాలావరకు అది సాధన ఎక్కువై వచ్చిన నొప్పి. కొన్నాళ్లు తగ్గిస్తే సర్దుకుంటుంది. అలా కాకుండా ఒక్క వేలు ఆనించి “ఇక్కడే” అన్నా, అక్కడ నొక్కగానే ఉలిక్కిపడినా, రాత్రి పడుకున్నా సలుపుతున్నదన్నా, ఎముకలో సన్నని చీలిక ఉందేమోనని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుంది కదా అని మర్నాడే గజ్జె కట్టించకండి.

ఈ చీలికలు ఎక్కువగా రంగప్రవేశం, అంటే తొలి పూర్తి ప్రదర్శన, ముందు నెలల్లోనే చూస్తాను. వారానికి రెండు రోజుల సాధన ఒక్కసారిగా రోజూ మూడు గంటలవుతుంది. కండరం త్వరగా అలవాటు పడుతుంది గానీ, ఎముకకు వారాలు కావాలి. దానికి తోడు నేల. కూచిపూడి భాగవతులు ఊరి వీధుల్లో మట్టి మీద ఆడారు. మన పిల్లలు కాంక్రీటుపై పరిచిన గ్రానైటు మీద వట్టి కాళ్లతో ఆడుతున్నారు. మట్టి కాస్త లొంగుతుంది, గ్రానైటు లొంగదు. అడుగు అదురంతా మడమకు, మోకాలికి, నడుముకు ఎక్కుతుంది. పలచని చాప జారకుండా ఆపుతుందే తప్ప అదురును ఆపదు. అడుగున ఖాళీ ఉండేలా దూలాల మీద బిగించిన చెక్క నేల మేలు. నగలకూ విందులకూ పెట్టే ఖర్చులో కొంత దీనికి పెట్టమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. అది కుదరని చోట, సగం ఆవృత్తులైనా పాదం కొట్టకుండా చేయించండి.

అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమలో, మోకాలు పాదం రెండో వేలి దిక్కుకే వంగాలి. తుంటి ఎముకల అమరిక అందరికీ ఒకేలా ఉండదు. తుంటి తిరగనంత మేర పాదాన్ని బలవంతంగా తిప్పితే మోకాలు మెలిపడుతుంది, పాదం లోపలి వంపు నేలకు కుంగుతుంది. వరుస అందం కోసం అందరినీ ఒకే కొలతకు తేవద్దు.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటి, మొహమాటం లేకుండా చెబుతాను. మొదలైన నెలసరి మూడు నెలలు ఆగిపోతే సాధనలో ఇది మామూలే అనుకోకండి. శ్రమకు తగ్గ తిండి అందకపోవడం ఒక కారణం కావచ్చు. అప్పుడు ఎముకలూ బలహీనపడతాయి. వైద్యురాలికి చూపించండి. సన్నబడమని మాత్రం ఏ పిల్లకూ చెప్పకండి.

చీలమండ మెలిపడితే వెంటనే బామ్ రుద్దడం, వేడినీళ్ల కాపడం, నరం లాగడం మన అలవాటు. మొదటి రెండు రోజులు ఇవేవీ వద్దు. గుడ్డలో చుట్టిన మంచు పావుగంట పెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. నాలుగడుగులు నడవలేకపోయినా, చీలమండ ఎముక నొక్కితే నొప్పెట్టినా ఎక్స్‌రే తీయించాలి. పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవారు కూడా ముందు ఎక్స్‌రే తీయించండి.

కట్టు వేశాక వేళ్లు తిమ్మిరెక్కినా, నల్లబడినా, దుర్వాసన వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తండి. నర్తకి సుధాచంద్రన్ జైపూర్ కృత్రిమ కాలితో మళ్లీ ఆడిన పట్టుదలను అందరం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆమె కాలు పోయిన తీరు మాత్రం చెప్పుకోం. 1981లో బస్సు ప్రమాదం తర్వాత చీలమండ దగ్గరి చిన్న గాయాన్ని గమనించకుండా పైన కట్టు వేశారు. అది లోలోపల కుళ్లింది.

దెబ్బ తగిలిన పిల్లను ఇంటికి పంపేయకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి తాళం వేయించండి, జతులు పలికించండి, హస్తాలు, అభినయం చెప్పండి. వైద్యులు సరేనన్నాక, నొప్పి లేకుండా నడవగలగాలి, ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తగలగాలి. ఆ తర్వాతే ఒకటో కాలంలో, అంటే నిదానంగా, పాదం కొట్టకుండా నాట్యపు అడుగులు. గజ్జెలు, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం అన్నిటికన్నా చివర.