అన్న తెచ్చిన కాగితాలు

శ్రోతలకు నమస్కారం.

నాటకంలో సంఘర్షణ ఉండాలి అనగానే కొత్తగా రాసేవారు పాత్రల చేత కేకలు వేయిస్తారు. రేడియోలో కేకలు రెండు నిమిషాలు సాగితే వినేవారి చెయ్యి మీట మీదికి పోతుంది. అసలు కావలసింది వేరు. ఇద్దరికీ గట్టి కారణం ఉండాలి, ఇద్దరి కోరికా ఒకేసారి తీరే వీలు ఉండకూడదు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు 1,800 రూపాయలకు కుదురుస్తాడు. భార్య వెంకమ్మ ససేమిరా అంటుంది. ఆమె బలం వాదనలో లేదు. పసితనంలోనే పెళ్ళి చేసిన పెద్ద కూతురు బుచ్చమ్మ, వితంతువై అదే ఇంట్లో తిరుగుతోంది. అందుకే వెంకమ్మ నూతిలో దూకినా మనకు అతి అనిపించదు.

ఇక మన కాలానికి వద్దాం. తెలుగునాట హిందూ వారసత్వ చట్టానికి 1986లో చేసిన సవరణతో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005లో అదే చట్టం కింద దాదాపు దేశమంతటా కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు దక్కింది. అంటే తాతల నాటి తోట అమ్మాలంటే చెల్లెలి సంతకం కావాలి. అన్న కాగితాలతో ఆమె ఇంటికి వచ్చాడు. వినండి.

‘‘కాళ్ళు కడుక్కో అన్నయ్యా, వడ్డిస్తాను.’’

‘‘తినే వచ్చానమ్మా. మళ్ళీ బస్సు అందుకోవాలి.’’

‘‘ఈ పళ్ళు మన తోటవేనా?’’

‘‘ఆఁ. ఇదిగో, ఇక్కడ ఒకటి, కింద ఒకటి. సంతకం చెయ్యి.’’

‘‘ఈ ఏడు కాపు బాగున్నట్టుందే.’’

‘‘రేపు పదిన్నరకు రిజిస్ట్రేషన్.’’

‘‘ఉండు, ఒక పండు కోసి తెస్తాను.’’

వాటా అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆమె కాదనలేదు కూడా. తోట అమ్మితే తప్ప అన్న కొడుకు ఫీజు కట్టలేడు. చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు తీర్చిందీ ఆయనే. ఆమెకేమో తోట పోతే పుట్టింటికి వెళ్ళే సాకే పోతుంది. ‘రేపు పదిన్నరకు’ అన్న మాట కొట్టేసి చదవండి, దృశ్యం చల్లబడిపోతుంది. ఎల్లుండి మాట్లాడుకుందాం అంటే సరిపోతుంది కదా!

శబ్దాలు కూడా తక్కువే చాలు: కాగితాల రెపరెప, పళ్ళెంలో కత్తి చప్పుడు. నిర్మాతగారికి ముందే ఒక మనవి, ఇక్కడ వీణ వద్దు. ఇద్దరినీ కలిపేందుకు మేనత్త చేత తలుపు తట్టించవద్దు. బయటివాళ్ళు వచ్చి తగవు తీరిస్తే ఈ అన్నాచెల్లెళ్ళు చేయడానికి ఏమీ మిగలదు.

ఆమె పండు కోసి తెచ్చింది. పెన్ను తీసుకుని, ‘‘ఇది రాయడం లేదన్నయ్యా’’ అంది. అన్న జేబులోంచి రెండో పెన్ను తీశాడు.

అక్కడి నుంచి మీరు రాయండి. ఆమె చేతిలో ఇంకే సాకూ లేదు. నమస్కారం.