నక్కవాగు: నీళ్లా, నౌకర్లా? (స్టూడియో చర్చ పూర్తి పాఠం)

యాంకర్: వాన పడింది, పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థాలు కలిసే నక్కవాగులో మళ్లీ తెల్ల నురగ. వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. సూటిగా అడుగుతున్నా, వాగు కావాలా, ఉద్యోగాలు కావాలా? రైతు గారూ, మీరు చెప్పండి.

రైతు: ఇగో సార్, పొద్దున మా బోరు నుంచి పట్టిన. (బాటిల్ టేబుల్ మీద పెట్టారు. పల్చటి చాయ్ రంగు నీళ్లు.) మా నాయిన ఈ వాగు నీళ్లతోనే వరి పండించిండు. ఈ కాలుష్యం మీద కొట్లాడిన డాక్టర్ కిషన్‌రావు సార్ వెంట తిరిగినం, 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా...

పరిశ్రమల ప్రతినిధి: ల్యాబ్ రిపోర్ట్ ఉందా? బాటిల్ చూపిస్తే సరిపోతుందా?

పరిశోధకురాలు: రిపోర్ట్ 2007లోనే వచ్చింది. పటాన్‌చెరులో కంపెనీల మురుగునీళ్ల కోసం పెట్టిన ఉమ్మడి ప్లాంట్‌లో శుద్ధి చేసి వదిలిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీళ్లలో బతికే బ్యాక్టీరియా...

ప్రతినిధి: 2007! ఆ కథ ఎన్నిసార్లు చెప్తారు? (ఇక్కడి నుంచి దాదాపు నాలుగు నిమిషాలు ఆయనే మాట్లాడారు.) ...మేడమ్, మీ ఇంట్లో బీపీ మాత్ర ఎక్కడ తయారైంది?

యాంకర్: మంచి పాయింట్. మేడమ్, వేసుకుంటారా?

పరిశోధకురాలు: నాకు బీపీ లేదండి.

యాంకర్: ఈ చర్చ అయ్యేలోపు వస్తుంది! (నవ్వులు) సరే, ఉద్యోగాలా, వాగా?

రైతు: రెండూ అడుగుతున్నం సార్. రాత్రిళ్లు ట్యాంకర్లు వాగులో వదలకుండ కర్రలు పట్టుకొని కాపలా కాసినం. మా పిల్లలకు ఆ కంపెనీల్ల...

ప్రతినిధి: చూశారా, కర్రలు! పెట్టుబడి ఎవరు పెడతారు?

అంబర్‌పేట కాలర్: హలో, పటాన్‌చెరు నీళ్లు 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి మావైపు పంపారు. మీ వాగు బాగుపడితే మా మూసీ...

యాంకర్: మూసీ మీద రేపు పెడదాం.

పరిశోధకురాలు: రేపు కాదండీ, అసలు విషయం అదే! కంపును పక్క ఊరికి పంపితే శుద్ధి అయినట్టా? వాగు అడుగున పేరుకున్న బురద సంగతేంటి? అది తీయకుండా...

ప్రతినిధి: ఖర్చెవరిస్తారు?

రైతు: ఖరాబు చేసినోళ్లు.

ప్రతినిధి: నన్ను పూర్తి చేయనివ్వండి! పరిశ్రమ వెళ్లిపోతే...

(ముగ్గురూ ఒకేసారి)

యాంకర్: టైమ్ లేదు. చివరి మాట మీదే సార్, ముప్పై సెకన్లు.

(ప్రతినిధి రెండు నిమిషాలు మాట్లాడారు.)

యాంకర్: థాంక్యూ. ఉద్యోగాలా, వాగా? మీరే తేల్చండి. ఎవరక్కడ, ఆ బాటిల్ తీసేయండి, తర్వాత వంటల ప్రోగ్రామ్ ఉంది.