పట్టా లేని ఇంటికి కరెంటు మీటరు: తైవాన్ కోసం అమెరికా రాసుకున్న చట్టం

[తెర మీద: మడతలు పడ్డ ఒక పాత ఇంటిపన్ను రసీదు]

అమెరికా కాంగ్రెస్‌లో, అంటే వాళ్ల పార్లమెంటులో, తైవాన్ పేరున్న బిల్లు ఏది పాసైనా, మర్నాడు మన దగ్గర ఒకటే మాట. "చైనా దాడి చేస్తే అమెరికా యుద్ధానికి దిగి తీరాలని చట్టం ఉంది కదా!" లేదండీ. అలాంటి చట్టం లేదు. ఉన్న చట్టం ఇంతకంటే ఎంతో ఆసక్తిగా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి లేనిదాని గురించి గంటలు గంటలు చర్చలు పెడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ వీడియో.

ముందు ఒక ఇంటి సంగతి. మా మేనత్త వాళ్ల ఇంటికి పట్టా లేదు. గుమ్మం పక్కన కరెంటు మీటరు ఉంది, వాకిట్లో కుళాయి ఉంది. ఇంటిపన్ను రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి దేవుడి పటం వెనక పెట్టుకుంటుంది. ఇంటి గురించి ఎవరు వచ్చి ఏం అడిగినా ముందు ఆ కవరు తీస్తుంది. అందులో ఏ కాగితమూ "ఈ ఇల్లు నీదే" అనదు. కానీ ప్రతి కాగితం మీదా ఆమె పేరే, ఆ డోర్ నంబరే.

ఇప్పుడు తైవాన్‌కి వద్దాం. 1978 డిసెంబర్ 15న అధ్యక్షుడు కార్టర్ ఒక ప్రకటన చేశారు. అప్పటిదాకా అమెరికా చైనాగా గుర్తించింది తైవాన్ రాజధాని తైపేలోని ప్రభుత్వాన్ని. 1979 జనవరి 1 నుంచి బీజింగ్ ప్రభుత్వాన్నే చైనాగా గుర్తిస్తున్నామన్నారు. తైపే చేతిలో అప్పటిదాకా ఉన్న పట్టా ఆ మాటతో రద్దయిపోయింది. తైవాన్‌తో ఉన్న 1954 నాటి రక్షణ ఒప్పందాన్ని రద్దు చేస్తామని ఏడాది నోటీసు ఇచ్చారు. అప్పుడు కాంగ్రెస్ సమావేశాల్లో కూడా లేదు. సెనేట్‌ని అడగకుండా ఒప్పందం ఎలా రద్దు చేస్తారంటూ సెనేటర్ గోల్డ్‌వాటర్ కోర్టుకెక్కారు. ఆయన కేసు సుప్రీంకోర్టులో నిలబడలేదు.

తర్వాత కార్టర్ ప్రభుత్వం ఒక బిల్లు పంపింది. వ్యాపారం, రాకపోకలు ఎలా నడవాలన్నది అందులో ఉంది. భద్రత ఊసు మాత్రం లేదు. రెండు సభల్లోనూ, రెండు పార్టీల వాళ్లూ కలిసి ఆ బిల్లును తిరగరాశారు. దిగువ సభ హౌస్‌లో 339–50, ఎగువ సభ సెనేట్‌లో 85–4. అవి అధ్యక్షుడి వీటోను కూడా తోసెయ్యగల ఓట్లు. ఏప్రిల్ 10న కార్టర్ సంతకం పెట్టారు. అదే తైవాన్ రిలేషన్స్ యాక్ట్. జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చినట్టు రాశారు, మధ్యలో ఒక్కరోజు కూడా కరెంటు పోకుండా.

అందులో నాకు బాగా నచ్చింది నాలుగో సెక్షన్. అమెరికా చట్టాల్లో ఎక్కడెక్కడ "విదేశం", "దేశం", "రాజ్యం", "ప్రభుత్వం" అనే మాటలున్నా, అవి తైవాన్‌కీ వర్తిస్తాయి అంటుంది. తైవాన్ ఒక దేశం అని మాత్రం ఎక్కడా అనదు! పట్టా ఇవ్వలేదు గానీ మీటరు పీకలేదు, కుళాయి కట్టెయ్యలేదు, పన్ను రసీదు ఆపలేదు. రాయబార కార్యాలయం ఉండకూడదు కాబట్టి "అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఇన్ తైవాన్" అని లాభాపేక్ష లేని ఒక సంస్థను రిజిస్టర్ చేశారు. తొలినాళ్లలో అక్కడ పనిచేయడానికి వెళ్లే దౌత్యవేత్తలు కాగితం మీద ప్రభుత్వ ఉద్యోగం వదిలి వెళ్లేవారు.

సరే, భద్రత. పట్టా లేని ఇంటికి దొంగల భయం ఉంటుంది కదా. చట్టం ఏమంటుందంటే, "తలుపుకి మంచి తాళం మేం ఇస్తాం." తైవాన్ తనను తాను కాపాడుకోవడానికి సరిపడా రక్షణ ఆయుధాలు అందుబాటులో ఉంచాలి. ఎన్ని, ఏవి అన్నది తైవాన్ అవసరాన్ని "మాత్రమే" చూసి అధ్యక్షుడూ కాంగ్రెస్సూ తేల్చాలి. ఆ "మాత్రమే" అన్న మాట మీద వేలు పెట్టి చదవండి. ఏ తాళం కొనాలో ఎదురింటివాణ్ణి అడిగి నిర్ణయించకూడదని దానర్థం. మరి దొంగ నిజంగా వస్తే? "అది మాకు తీవ్ర ఆందోళన" అంటుంది. బలప్రయోగమే కాదు, బహిష్కరణ, వ్యాపార దిగ్బంధం కూడా ఆ కిందికే వస్తాయంటుంది. అధ్యక్షుడు వెంటనే కాంగ్రెస్‌కి చెప్పాలి, ఇద్దరూ కలిసి ఏం చేయాలో నిర్ణయించాలి. అంతే. కాపలా మనిషిని పంపుతామని ఎక్కడా లేదు. ఆ మాట కావాలనే రాయలేదు.

ఇంకోటి చెప్పాలి. "ప్రజాస్వామ్య మిత్రదేశం కాబట్టి ఆనాడే అండగా నిలిచారు" అంటుంటారు. 1979లో తైవాన్ ప్రజాస్వామ్యం కాదు. సైనిక శాసనం 1987 జూలైలో గానీ ఎత్తెయ్యలేదు. కానీ ఆ చట్టంలోనే తైవాన్‌లో ఉన్న సుమారు 1 కోటి 80 లక్షల మంది మానవ హక్కుల గురించి ఒక వాక్యం పెట్టారు. జైళ్లలో మగ్గినవాళ్లు, వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లు తమ దేశాన్ని తామే మార్చుకున్నారు, ఆ ఘనత వాళ్లదే. అయినా ఆ వాక్యం రాసినవాళ్లంటే నాకు గౌరవం.

[తెర మీద రెండు మాటలు: "చేయాలి", "చేస్తే బాగుంటుంది"]

ఇకమీద ఏ బిల్లు వార్త చూసినా ఈ రెండింట్లో ఏదుందో చూడండి. 2018 తైవాన్ ట్రావెల్ యాక్ట్ రెండు సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా పాసైంది. అన్ని స్థాయిల అధికారులూ వచ్చిపోవడానికి వీలు కల్పించడం అమెరికా విధానంగా ఉంటే బాగుంటుంది అన్నది దాని సారాంశం. అధ్యక్షుడు ఎవరినీ పంపకపోయినా చట్టం తప్పినట్టు కాదు.

అలాగని "బాగుంటుంది"ని తేలిగ్గా తీసుకోకండి. 1995లో తైవాన్ అధ్యక్షుడు లీ తెంగ్-హుయ్ తాను చదువుకున్న కార్నెల్ విశ్వవిద్యాలయానికి రావాలనుకున్నారు. రానివ్వండంటూ కాంగ్రెస్ తీర్మానం చేసింది. హౌస్‌లో 396–0, సెనేట్‌లో 97–1. దానికి చట్టబలం లేదు. అయినా క్లింటన్ ప్రభుత్వం దిగొచ్చి వీసా ఇచ్చింది. లీ జూన్‌లో వచ్చారు, జూలైలో చైనా క్షిపణి పరీక్షలు మొదలుపెట్టింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. డబ్బు సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, జీవో రావడం వేరు, నిధులు రావడం వేరు. 2022 డిసెంబర్‌లో రక్షణ చట్టంలో తైవాన్‌కి ఏడాదికి 200 కోట్ల డాలర్ల వరకు సైనిక గ్రాంట్లు ఇవ్వొచ్చని రాశారు. అదే నెలలో వచ్చిన ఖర్చుల బిల్లులో ఆ గ్రాంట్లకి డబ్బు కేటాయించలేదు, అప్పులకి మాత్రం వీలు ఇచ్చారు. వ్యాపారంలో 2023 జూన్ 1న మొదటి ఒప్పందం కుదిరింది. దాన్ని ఆమోదిస్తూ కాంగ్రెస్ ఆగస్టులో చట్టం చేసింది. ఇకముందు జరిగే బేరసారాల ముసాయిదాలు మాకూ చూపించాలని తన ప్రభుత్వానికే షరతు పెట్టింది.

చివరిది పన్నులు. మా అత్తకి అన్నీ వచ్చాయి గానీ బ్యాంకు లోను రాలేదు, పట్టా అడిగారు. తైవాన్‌కీ ఇదే ఇబ్బంది. పన్ను ఒప్పందం దేశానికీ దేశానికీ మధ్య జరగాలి. అది లేక, అమెరికా నుంచి తైవాన్ కంపెనీకి వెళ్లే డివిడెండ్ (లాభాల్లో వాటా) మీద 30 శాతం కోత పడుతుంది. అరిజోనాలో చిప్ ఫ్యాక్టరీలు కడుతున్న తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీకీ, దాని వెనక వచ్చే చిన్న సరఫరాదారులకీ ఇది పెద్ద బరువు. ఒప్పందం కుదరదు కాబట్టి సొంత చట్టంతోనే ఆ కోత తగ్గిద్దామని హౌస్ 2024 జనవరిలో పాస్ చేస్తే సెనేట్‌లో ఆగింది. 2025 జనవరిలో మళ్లీ 423–1తో పాస్ చేసి సెనేట్‌కి పంపింది.

మన భారతదేశం కూడా తైవాన్‌ని దేశంగా గుర్తించలేదు. కానీ మన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 90ఏ అని ఒక సెక్షన్ పెట్టుకున్నాం. రెండు "అసోసియేషన్లు" పన్ను ఒప్పందం చేసుకుంటే ప్రభుత్వం దాన్ని అమలు చేయొచ్చు. 2011లో ఇండియా–తైపే అసోసియేషన్, ఢిల్లీలోని తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రం సంతకాలు పెట్టుకున్నాయి. తడ దగ్గర బూట్లు కుట్టే అపాచీ ఫ్యాక్టరీ మీద పెట్టుబడి తైవాన్‌దే. అలాంటి కంపెనీలు ఒకే ఆదాయం మీద రెండుచోట్లా పూర్తి పన్ను కట్టకుండా చూసేది ఆ కాగితమే.